మా ఇంటి గోడమీది బళ్ళారి రాఘవ

ఈ ప్రత్యేక సంచికను కళలకు, కళాకారులకు కేటాయించామనీ, ఉద్యోగకాలంలో నాటకాలతో కొంత పరిచయం ఉన్నవాడిని కనుక నేనూ ఏదైనా వ్రాయాలనీ మన సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. నేను నటుణ్ణి కాను. ఆఫీసు నాటకాలలో ప్రాంప్టింగు చేశాను, రెండు మూడు చిన్న వేషాలు వేశాను, కొన్నాళ్ళు దర్శకత్వం పేరుతో మిత్రులను సతాయించాను. అంతకు మించిన అర్హత లేదు. అయితే నాటకం మనిషిని ఎందుకు పట్టుకుంటుంది, నిక్షేపంలాంటి వృత్తి చేతిలో ఉన్నవాడు కూడా నిద్ర మానుకొని ముఖానికి రంగు ఎందుకు పూసుకుంటాడు అన్న ప్రశ్న మాత్రం చిన్నప్పటినుంచీ నా వెంట ఉన్నది. దానికి కారణం మా ఇంటి గోడమీద ఉండిన ఒక ఫోటో. అది బళ్ళారి రాఘవగారిది.

మా నాన్నగారిది ఆదోని. అప్పట్లో ఆదోని బళ్ళారి జిల్లాలోది. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయింది. నాన్నగారు కర్నూలు రాజధానిలో గుమాస్తా. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే ఆఫీసుతోపాటు ఆయనా, ఆయనతోపాటు మేమూ హైదరాబాదు చేరాము. అప్పుడు నాకు పదకొండేళ్ళు, మా చెల్లెలికి ఏడు. కొత్తగా వచ్చిన ఉద్యోగులకు ఇళ్ళు దొరకడం ఎంత కష్టమయిందో ఆనాటివారికి తెలుసు. చివరికి పాతబస్తీలో శాలిబండ దగ్గర ఒక పాత దేవిడీలో రెండు గదుల పోర్షను దొరికింది. సామాను సర్దీ సర్దకముందే నాన్నగారు మేకు కొట్టి వేలాడదీసినది వేంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన ఈ ఫోటో. ఏ పత్రికలోంచో కత్తిరించి అద్దం కట్టించుకున్నది. వేషంలో ఉన్న బొమ్మ కాదు, కోటు వేసుకున్న పెద్దమనిషి. మా ఇంటి యజమాని వృద్ధుడైన ముసల్మాను. ఈయన మీ తండ్రిగారా, నాయకులా అని అడిగారు. నాన్నగారు తన వచ్చీరాని ఉర్దూలో, కాదు, వకీలు అన్నారు. కాసేపు ఆగి, నాటకాలవాడు అని కలిపారు. రెండూ ఒకే మనిషి ఎలా అవుతాడని ఆ పెద్దాయన ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఆశ్చర్యం సహజమే. రాఘవగారి జీవితంలో ముందుగా చెప్పుకోవలసిన సంగతి కూడా అదే.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. బళ్ళారిలో మెట్రిక్యులేషను, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో డిగ్రీ, తరువాత అక్కడే లా చదువు. 1905లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసులలో దిట్ట అనిపించుకున్నారు, బాగా సంపాదించారు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు, ప్రభుత్వంవారి రావుబహద్దూరు బిరుదు పొందారు. పేదల కేసులు ఫీజు లేకుండా వాదించేవారని ప్రతీతి. ఇక్కడితో ఆపేస్తే అదొక జయప్రదమైన వకీలు జీవితం, అంతే. అలాంటివారు ప్రతి జిల్లా కేంద్రంలోనూ నలుగురైదుగురు ఉండేవారు, వారి పేర్లు ఈనాడు వారి మనుమలకు తప్ప ఎవరికీ గుర్తుండవు.

నాటకం ఆయనకు ఇంట్లోనే తగిలింది. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) ఆయనకు స్వయానా మేనమామ. ఆయనా బళ్ళారి వకీలే. సరసవినోదినీ సభను స్థాపించి, 1887లో చిత్రనళీయం ఆడించి, విషాద సారంగధర, ప్రహ్లాద వంటి నాటకాలు వ్రాసి, తానే వేషాలు కట్టారు. అదే ఊళ్ళో ఇంకొక వకీలు కోలాచలం శ్రీనివాసరావుగారు (1854-1919). ఆయన సుమనోరమ సభ నడిపారు, చారిత్రక నాటకాలు వ్రాశారు. ఒక ఊరు, ఇద్దరు వకీళ్ళు, రెండు సభలు, రెండింటి మధ్య పోటీ. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లవాడు పన్నెండేళ్ళకే రంగమెక్కాడంటే వింత ఏముంది? చుట్టూ ఉన్న పెద్దలు పగలంతా కోర్టులో వాదించి, సాయంత్రం గొంతు సవరించుకుని రిహార్సలుకు పోతూంటే, ఆ రెండూ వేరువేరు పనులని ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు?

అప్పటి వకీలు నటులందరి సంగతీ చూస్తే నాకొకటి అనిపిస్తుంది. వారికి కంపెనీ నటులకున్న ఇబ్బంది లేదు. నాటకం ఆడితేనే పొయ్యి వెలుగుతుందన్న స్థితి కాదు. అందుచేత జనం మెచ్చే ఒన్స్‌మోరు కోసం పద్యాన్ని నాలుగుసార్లు పాడవలసిన అవసరం వారికి లేదు. నచ్చిన పాత్రను నచ్చినట్లు వేసే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛను అందరూ వాడుకోలేదు, రాఘవగారు వాడుకున్నారు. జీతంరాళ్ళు తెచ్చుకుంటూ ఆఫీసు నాటకాలు ఆడిన మనబోటివాళ్ళకూ, వందో వంతుగానైనా, ఆ స్వేచ్ఛ ఉండేది. మనం దానిని బహుమతుల కోసం, పై అధికారి మెప్పు కోసం ఖర్చుచేసుకున్నామేమోనని నాకు అనుమానం. మిత్రులు నొచ్చుకోకూడదు. ఇందులో నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

పద్యాల సంగతి వచ్చింది కనుక చెబుతాను. తెలుగు నాటకంలో పాటలూ పద్యాలూ రాగయుక్తంగా పాడే పద్ధతి బలపడింది ధర్మవరంవారి నాటకాలతోనే. మేనమామ పెంచిన చెట్టు కొమ్మలను మేనల్లుడే నరికాడు. రాఘవగారు రాగాలాపనను బాగా తగ్గించి, పద్యాన్ని మాటలాగా, మాటను మనిషి మాట్లాడినట్లుగా పలికేవారు. చేతులు ఊపడం కంటే ముఖంలో భావం మారడం మీద నమ్మకం పెట్టుకున్నారు. హార్మోనియం శ్రుతి కోసం చెవులు రిక్కించి కూర్చునే ఆనాటి ప్రేక్షకులకు ఇది మొదట చప్పగా తోచి ఉంటుంది. అయినా ఆయన వెనక్కు తగ్గలేదు. నటన సహజంగా ఉండాలని మనం ఈనాడు మామూలుగా అనేస్తాం. సంగీతం లేకపోతే నాటకమే కాదనుకునే కాలంలో దానిని చేసి చూపడం వేరు.

మా నాన్నగారు ఆయనను చూసింది ఒకే ఒక్కసారి. 1930 ప్రాంతంలో, పదిహేడు పద్ధెనిమిదేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో మారి, బళ్ళారి వెళ్ళారట. ఆడిన నాటకం కోలాచలంవారి రామరాజు చరిత్ర. విజయనగర సామ్రాజ్యం కూలిన కథ. అందులో రాఘవగారు వేసేది రామరాజు కాదు, పఠాన్ రుస్తుం. శత్రుపక్షపు పాత్ర అది. నాన్నగారు ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు చెప్పినా చివరకు వచ్చి ఒక్కచోట ఆగేవారు. ఆ పఠాను గొంతు తగ్గించి మాట్లాడుతూంటే వెనుక వరుసలవాళ్ళు ముందుకు వంగారనీ, విజయనగరం వారసులమనుకునే ఊరి జనం ఆ కాసేపు పఠాను పక్షం అయిపోయారనీ. తెల్లవారి ఇంటికి చేరి తాతగారిచేత దెబ్బలు తిన్నారు. దెబ్బల సంగతి మాత్రం నవ్వుతూ చెప్పేవారు.

ఇక్కడ పాతబస్తీవాడిగా ఒక మాట. 1565 తళ్ళికోట యుద్ధంలో రామరాజు మీదికి వెళ్ళిన సుల్తానులలో గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. ఆయన కొడుకు మహమ్మద్ కులీయే 1591లో ఈ నగరాన్ని, చార్మినారును కట్టించాడు. అంటే మేము కాపురమున్న ఊరు ఆ నాటకంలోని అవతలి పక్షం ఊరన్నమాట. ఈ సంగతి నేను హైస్కూల్లో చదివి ఇంటికొచ్చి నాన్నగారికి చెబితే, ఆయన వెంటనే వాకిట్లో కూర్చున్న ఇంటి యజమానికి చేరవేశారు. అప్పటినుంచి వారిద్దరికీ సాయంత్రాలు అదే కాలక్షేపం. నాన్నగారు రుస్తుంను వర్ణించేవారు. ఆ పెద్దాయన తాను కుర్రతనంలో చూసిన పార్శీ కంపెనీల ఉర్దూ నాటకాలను, షేక్స్పియరును ఉర్దూలోకి దించిన ఆగా హశ్ర్ సంభాషణల ధాటిని తలచుకునేవారు. నాన్నగారి ఉర్దూ ఆ అరుగుమీదనే బాగుపడింది.

పార్శీ నాటకానికీ మన నగరానికీ ఉన్న సంబంధం చాలా పాతది. 1872లోనే బొంబాయి విక్టోరియా కంపెనీ సర్ సాలార్జంగు ఆహ్వానంపై హైదరాబాదు వచ్చి నాటకాలు ఆడింది. ఆ కంపెనీకి చెందిన దాదీ పటేల్ హైదరాబాదు నుంచి కొందరు గాయనీమణులను తీసుకువెళ్ళి ఇంద్రసభలో అప్సరసలుగా నిలబెట్టాడు. పార్శీ రంగస్థలంమీద ఆడవేషాన్ని ఆడవారు వేసిన మొదటి సందర్భాలలో అదొకటి. పాతబస్తీ గల్లీలను కించపరిచే మిత్రులకు నేను ఈ ముక్క తరచు గుర్తుచేస్తూంటాను. ఆ బేగంలు ఎన్ని మాటలు పడ్డారో మనం ఊహించుకోవలసిందే.

మళ్ళీ రాఘవగారి దగ్గరకు వద్దాం. ఆయన పేరుపొందిన పాత్రలు వరుసగా చూడండి. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, పఠాన్ రుస్తుం, షేక్స్పియర్ నాటకాలలో షైలాక్, ఒథెల్లో. హరిశ్చంద్రుడు, కబీరు వంటివారు లేకపోలేదుగాని, ఎక్కువమంది జనం తప్పు పట్టేవాళ్ళే. ఇది యాదృచ్ఛికం అనుకోను. క్రిమినల్ వకీలు రోజూ చేసే పని ఏమిటి? ఊరంతా నేరస్తుడని తేల్చేసినవాడి పక్కన నిలబడి, వాడివైపునుంచి కథ చెప్పడం. వాడు ఏ క్షణంలో ఏమనుకున్నాడు, ఎందుకు భయపడ్డాడు, ఎక్కడ అభిమానం దెబ్బతింది అన్నది పట్టుకుంటేనే వాదన నిలుస్తుంది. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా అవతలి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అదే మనిషిని రెండోవైపునుంచి చూడవలసి వచ్చేది. పగలు అలా చూసిన మనుషులే రాత్రి హిరణ్యకశిపుడిలోకి, దుర్యోధనుడిలోకి వచ్చి చేరారని నా ఊహ. రాక్షసుణ్ణి రాక్షసుడిగా కాక, కొడుకు మాట వినక తల్లడిల్లే తండ్రిగా చూపడం ఆయన ప్రత్యేకత అని చూసినవాళ్ళు చెప్పుకునేవారు. వృత్తి ఆయన కళకు అడ్డు రాలేదు. దినుసు ఇచ్చింది.

ఇంకొకటి, భాష. బళ్ళారి సీమలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. ఆయన తెలుగులోనే కాక కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా నటించారు. బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బు నెలకొల్పారు. బెంగుళూరు అమెచ్యూర్ సంఘంతో కలిసి పనిచేశారు. 1927లో గాంధీగారు ఆయన హిందీ నాటకం దీనబంధు కబీర్ చూశారు. ఆ దశాబ్దం చివర ఆయన ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకశాలలు చూసి, బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు. తిరిగి వచ్చాక మరింత పట్టుదలగా చేసిన పని ఒకటుంది. నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే. ఆడ పాత్రలను ఆడవాళ్ళే వేయాలన్న పట్టు.

అప్పటికి మన నాటకంలో స్త్రీ వేషాలు మగవారివి. అందులో గొప్పవారు లేరని కాదు. బాపట్ల స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసిన స్త్రీలే ఆ నడకను అనుకరించారని మా పెద్దలు చెప్పేవారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. అది కళ కాదని ఎవరనగలరు? ఇక ఆడవారే ఆడవేషాలు వేయడం అసలు లేకపోలేదు. 1885లో వనారస గోవిందరావుగారితో మొదలైన సురభి నాటక కుటుంబాలలో భార్యాభర్తలు, తల్లీబిడ్డలు కలిసే రంగమెక్కేవారు. కాని వారిది నాటకమే బ్రతుకుగా ఉన్న కుటుంబాల సంగతి. ఆ బయట ఉన్న మర్యాదస్థుల ఇళ్ళలో ఆడపిల్ల రంగస్థలమెక్కడమంటే పరువుపోయే పని. రాఘవగారు వెళ్ళి తలుపు తట్టింది ఆ ఇళ్ళవే. చదువుకున్న స్త్రీలు రావాలి, వచ్చినవారిని తోటి నటులు గౌరవంగా చూడాలి అని ఆయన వాదించారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకినాడ అన్నపూర్ణ వంటివారు ఆయనతో కలిసి నటించారు. పద్మావతీదేవిగారు స్వయంగా రచయిత్రి. పి.వి. రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది నాటకంలో ఆమె రాఘవగారి సరసన నటించారు. చదువుకున్న ఆడమనిషి మనసు, కాపురంలోని తప్పొప్పులు అందులో విషయం. పౌరాణికాల మధ్య అలాంటి సాంఘిక నాటకం, అందులో నిజంగా ఒక స్త్రీ. రాజమన్నారుగారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షులూ ఆయనే. చూడండి, మళ్ళీ వకీలే!

ఆనాటి రావుబహద్దూరుకు ఇది ఎంత తెగింపో మనం గుర్తించాలి. ఆయన పోగొట్టుకోవడానికి చాలా ఉంది. క్లయింట్లు, కులపెద్దలు, బంధువులు, ప్రభుత్వంలో పలుకుబడి. పై నుంచి, ఆయన ప్రతిభకు ఆడవారి అవసరమే లేదు. మగవారు ఆడవేషం కట్టినా జనం ఆయనను చూడడానికి వచ్చేవారు. అయినా ఆయన అడిగారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

1972లో మా ఆఫీసు నాటక బృందం ఒక పోటీకి నాటిక తయారుచేసింది. రిహార్సళ్ళకు చోటు లేక శాలిబండలో మా దేవిడీ వాకిట్లోనే చేసేవాళ్ళం. చార్మినారు దాకా వెళ్ళి చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెచ్చే పని అందరికంటే చిన్నవాడైన టైపిస్టుది. నాటికలో ఒక్కటే స్త్రీ పాత్ర, తల్లి. అప్పటి అలవాటు ప్రకారం పారితోషికం ఇచ్చి ఒక నటీమణిని పిలిపించుకున్నాం. నాటికకు రెండు రోజులుందనగా ఆమెకు జ్వరం వచ్చి రాలేనని కబురు పంపింది. మా చెల్లెలు అప్పటికి బడిలో ఉపాధ్యాయిని. ఇరవై మూడేళ్ళు. నెలరోజులుగా వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ ఉన్నందువల్ల ఆ పాత్ర మొత్తం దానికి కంఠతా వచ్చు. నేను వేస్తాను అన్నది. ఒకసారి చేసి చూపించింది కూడా. మా బృందమంతా నోరు తెరుచుకుని చూశాం. ముదుసలి తల్లి కుంగిన భుజాలు ఆ పిల్లకు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు.

నాన్నగారు వద్దన్నారు. కోపంగా కాదు. పెళ్ళి కావలసిన పిల్ల, రేపు అవతలివాళ్ళు ఏమంటారు అని నెమ్మదిగా. ఆయన కూర్చున్న కుర్చీకి సరిగ్గా వెనుక గోడమీద రాఘవగారి ఫోటో. చెల్లెలు దానివైపు ఒకసారి చూసింది, ఏమీ అనలేదు. దర్శకుణ్ణి నేను, అన్నను నేను. మాట్లాడవలసినవాణ్ణి నేను. బళ్ళారికి రైలెక్కి పారిపోయిన కుర్రవాణ్ణి ఆయనకు గుర్తుచేసి ఉండవచ్చు. ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి మధ్యేమార్గం అని నేనే ఒకటి కనిపెట్టాను. తల్లి మంచంపట్టి లోపలి గదిలో ఉన్నట్లు మార్చి, గొంతు మాత్రం తెర వెనుకనుంచి వినిపించేటట్లు చేశాం. గొంతుకు నాన్నగారు అభ్యంతరం చెప్పలేదు. పోటీనాడు చెల్లెలు సైడువింగులో స్టూలుమీద కూర్చుని ఆ పాత్ర చెప్పింది. నాన్నగారు మూడో వరుసలో కూర్చుని విన్నారు. మాకు బహుమతి రాలేదు. ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో ఎవరమూ మాట్లాడలేదు.

నాన్నగారిని తప్పుపట్టడానికి ఇది వ్రాయడంలేదు. మా ముగ్గురిలో నాటకాన్ని ఎక్కువగా ప్రేమించినవారు ఆయనే. ఇతరుల ఇళ్ళ తలుపు తట్టిన రాఘవగారిని ఆరాధించడం సులువు. ఆ తట్టుడు మన తలుపు మీద పడినప్పుడు తీయడం మరొకటి. రాఘవగారికి ఆనాడు ఎన్ని ఇళ్ళలో లేదనే సమాధానం వచ్చి ఉంటుందో నాకు అర్థమైనది ఆ రిక్షాలోనే. వచ్చిన ఆ నలుగురైదుగురు స్త్రీల వెనుక రానివ్వనివారు ఎందరో.

రాఘవగారి చివరి సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సినిమాలలోకి వెళ్ళారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు. అందులో కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావుగారు, ఏలూరు వకీలు. (ఈ వకీళ్ళు మనలను వదిలేటట్లు లేరు.) అదే సంవత్సరం అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం పోటీగా వచ్చింది, అది నెగ్గింది, ఇది పోయింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి రైతుబిడ్డలో నటించారు. జమీందార్లకు కంటగింపయిన చిత్రం అది. 1940లో చండిక. తరువాత సినిమాల జోలికి పోలేదు. ఆ మాధ్యమం ఆయనకు పట్టుబడలేదని నా అభిప్రాయం. ఎదుట మనుషులుండి, వాళ్ళ ఊపిరి వినబడితేనే ఆయన నటన సాగుతుంది కాబోలు. కోర్టులోనైనా, రంగంమీదనైనా ఆయనకు అలవాటైనది అదే. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు. తన బళ్ళారి వేరే రాష్ట్రంలోకి పోవడమూ చూడలేదు. అయినా రెండువైపులవారూ ఆయనను తమవాడనే చెప్పుకుంటున్నారు. బళ్ళారిలో ఆయన పేర కళామందిరం ఉంది. ఇటు తెలుగువారు ఆయన పేర పురస్కారం ఇచ్చారు.

1981లో తపాలాశాఖ రాఘవగారి బొమ్మతో స్టాంపు వేసింది. నాన్నగారు అప్పటికే రిటైరయ్యారు. పోస్టాఫీసుకు పోయి రెండు కొన్నారు. ఒకటి తన డైరీలో అంటించుకున్నారు. రెండవది కవరులో పెట్టి, అప్పటికి పెళ్ళయి సైదాబాదులో కాపురముంటున్న మా చెల్లెలికి పోస్టు చేశారు. లోపల ఉత్తరం ఏమీ లేదట. ఆ సంగతి ఆయన పోయిన తరువాత, 1989లో, చెల్లెలు చెబితే నాకు తెలిసింది. ఫోటో కూడా అప్పుడే అదే తీసుకువెళ్ళింది. నేను అడ్డుచెప్పలేదు.

శాలిబండ ఇల్లు ఖాళీచేసి చాలా ఏళ్ళయింది. మొన్న లాల్‌దర్వాజా బోనాలకు వెళ్ళినప్పుడు అటువైపు నడిచాను. మేము రిహార్సళ్ళు చేసిన వాకిలిలో ఇప్పుడు బట్టల దుకాణపు గోదాము ఉంది. అరుగు మాత్రం సగం మిగిలింది.

ఈ ఏడు మన సంఘం వార్షికోత్సవంలో సభ్యులచేతనే ఒక నాటిక వేయించాలని కార్యవర్గం అనుకుంటున్నట్లు విన్నాను. మా చెల్లెలు ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసింది, మన సంఘంలో సభ్యురాలు కూడా. మోకాళ్ళ నొప్పి ఉన్నది గాని గొంతు బాగున్నది. ముసలితల్లి పాత్ర ఏదైనా ఉంటే దాని పేరు వ్రాసుకోవలసిందని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఈసారి తెర ముందర. ముందుగా దానిని అడిగే వ్రాస్తున్నాను. ఆలోచించి చెబుతానన్నది, తరువాత స్క్రిప్టు ఎప్పుడిస్తారని అడిగింది.